నాయన చేతికని కొన్న వాచీ

ఆదోనిలో ఆ వాచీ కొన్న పూట నాయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అద్దాల పెట్టెలో బంగారు రంగు చిన్న వాచీ ఒకటి తళతళలాడుతోంది. నా ప్రాణమంతా దాని మీదే. నాయనేమో ఎవరో వాడి అమ్ముకున్న పాతది, పెద్ద అంకెలది, తోలు పట్టాది చేతికి తీసుకున్నాడు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నాకు అనంతపురంలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. చెప్పిన రోజు సాయంత్రంలోగా చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లులో బండి మారాలి. నాయన వెంట పోతేనే సరేనని మా అవ్వ అతికష్టం మీద ఒప్పుకుంది. దారిలో టైము చూసుకోవడానికే ఈ వాచీ. పెట్టుకునేది ఆయన, కాబట్టి మగవాళ్ళది. మాకు అందుబాటులో ఉన్నవి ఆ రెండే.

నాయన పెద్దదాన్ని కట్టుకుని, మగ్గం మీద పిడి గుంజినట్టు చేతిని ఒకటే గుంజుడు మొదలుపెట్టాడు. అంగడి సాయిబు లేచి నిలబడ్డాడు.

"అరె, యేందప్పా ఇది! గడియారమనుకుంటివా, మగ్గమనుకుంటివా?"

"రైలు కుదుపుకు నిలిసిపోతే ఏం లాభమన్నా? సూసుకోవద్దా?"

నా ముఖం చూసి, చిన్నదాన్ని కూడా గుప్పిట్లో పెట్టుకుని గుంజాడు. పాపం, అది నాలుగు గుంజులకే ఊరుకుంది. సాయిబు దాన్ని లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. పెద్దది మా చేతిలో పెట్టి, "దినామూ పొద్దున్నే కీ ఇయ్యల్ల. ఇంక పోండప్పా" అన్నాడు.

ప్రయాణానికి ముందురోజు అమావాస్య. ఆ రోజు మా వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు, పనిముట్లన్నిటికీ సెలవు. పాడ్యమినాడు ప్రయాణమేమిటని అవ్వ అప్పటికే సణుగుతోంది. నాయన కీ తిప్పబోతే గదమాయించింది.

"అమాస పూట దాన్నెందుకురా కదిలిస్తావు? అదీ పనిముట్టే గదా!"

నిజమే కదా అనుకున్నాం అందరమూ.

మర్నాడు మబ్బు పట్టి ఉంది. వాచీ చూస్తే బస్సుకు ఇంకా బోలెడు టైముంది. తీరిగ్గా బొరుగులు మూట కట్టుకుని బయల్దేరాం. బస్టాండులో బస్సు లేదు.

"ఇంతసేపూ యాడుండిరప్పా? అది ఎప్పుడో పాయె" అన్నాడు సోడా అంగడాయన.

వాచీలో ఇంట్లో చూసిన టైమే ఉంది. అమావాస్యకని ఆపిన కీ పొద్దున తిప్పడం మరిచాం. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన ఆదోనికి పత్తి వేసుకుపోతున్న లారీకి అడ్డంగా పోయి నిలబడ్డాడు.

స్టేషను చేరేసరికి బండి వచ్చి ఆగి ఉంది. నాయన టికెట్ల కిటికీకి, నేను ఆడవాళ్ళ పెట్టెకు పరుగెత్తాం. నేను ఎక్కి కూర్చున్నానో లేదో ఈల వేశారు. నాయన రొప్పుతూ వచ్చి టికెట్టు అందించాడు. ఒక్కటే.

"నీది యాడ నాయనా?"

"నీది ముందు అడిగితి. అంతలోనే ఈల ఏసిరి."

టికెట్టు లేకుండా బండెక్కే మనిషి కాదు ఆయన. మా వీధి ఆడపిల్ల పక్కనున్న నందవరానికి కూడా ఒంటరిగా పోయిన పాపాన పోలేదు. దిగు, ఇంటికి పోదాం అంటాడనుకుని మూట చేతిలోకి తీసుకున్నాను.

ఆయన స్టేషను గడియారం చూసి ముల్లు సరిచేశాడు. కీ తిప్పాడు. వాచీ విప్పి, కిటికీలోంచి నా చేతికి కట్టాడు. బండి కదిలింది. పక్కనే నడుస్తూ, "గుంతకల్లులో మారల్ల, జాగ్రత్త. అవ్వకు నేను సెప్పుకుంటాలే. నువ్వు పో తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత టీచరుగా నేను తిన్న ప్రతి ముద్దా ఆ మాట పెట్టిందే. ఆ రోజు అవ్వ చేత ఆయన ఎన్ని తిట్లు తిన్నాడో, ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు.