వాగులో బావ కంచె

నిన్న ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. అట్టపెట్టె విప్పితే నాలుగు తెల్లటి థర్మాకోల్ దిమ్మలు బయటపడ్డాయి. వాటిని చెత్తబండిలో వేయబోతూ ఒకదాన్ని అరచేత్తో తట్టి చూశాను. ఇలాంటి వాటి మీద కూర్చుని నేనొకసారి వాగు దాటబోయానంటే సిద్దిపేటలో నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరు. యాభై దాటిన పంతులమ్మ, అందులోనూ ఈత రానిది, చేయాల్సిన పని కాదది.

అక్కవాళ్ల ఊరు తొగుట అవతల. ఊరి పక్కనున్నది పేరుకే వాగు. ఇసుక, తుమ్మచెట్లు, వాటి కింద మేకలు, అంతే. ఇరవై ఏళ్లు నీటి జాడ లేకపోయేసరికి బావ తన చేనును మెల్లమెల్లగా వాగులోకి జరిపాడు. రాతి కడీలు పాతి, వాటికి ముళ్లతీగ బిగించి, లోపల మక్కజొన్న వేశాడు. ఊళ్లో సగం మంది అదే పని చేశారు కాబట్టి ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. "ఈ వాగుల కండ్లు మూసుకొని తిరుగుత" అనేవాడు బావ. తిరిగేవాడు కూడా.

తర్వాత పైనున్న రిజర్వాయర్ నుంచి వాగులోకి నీళ్లు వదిలారు. మొదటి రోజు ఊరంతా వెళ్లి పసుపు కుంకుమలు చల్లి కొబ్బరికాయలు కొట్టింది. నాలుగో రోజుకు బావ మొహం మాడిపోయింది. అవతలి ఒడ్డున ఆయన మోటరు ఉంది, నీళ్లు దాని దాకా పాకుతున్నాయి. పొలమంతా ఆ ఒక్క మోటరు మీదే బతుకుతోంది, మునిగేలోపు వెళ్లి దాన్ని పైకి జరపాలి. చేపలు పట్టేవాళ్లను చూసి, ఆయనా థర్మాకోల్ దిమ్మలను యూరియా సంచుల్లో కుట్టి, తాళ్లతో బిగించి తెప్ప చేశాడు. తెడ్లకు బదులు వంటింట్లోంచి రెండు స్టీలు పళ్లాలు తెచ్చాడు. ఇక వెనక బరువుకు ఒక మనిషి కావాలి. అక్కకు మోకాళ్ల నొప్పులు. సెలవులకు వచ్చిన నన్ను బావ ఎగాదిగా చూసి, "నువ్వైతె సరిగ్గ సరిపోతవు మరదలా" అన్నాడు.

"గవి కొత్త పళ్లాలు, సొట్టలు పడ్డయనుకో, ఊకోను" అని అక్క ఒడ్డున నిలబడి హెచ్చరించింది.

కొంతదూరం బాగానే సాగాం. బావ ముందు కూర్చుని రెండు పళ్లాలతో నీళ్లను వెనక్కి తోస్తూ, ఇక్కడ బండ, అక్కడ తుమ్మమొద్దు అని చెబుతూ చక్కగా తప్పిస్తున్నాడు. నడిమికి రాగానే తెప్ప టక్కున ఆగి, పక్కకు తిరిగింది. అడుగున సంచి చిరిగిన చప్పుడైంది. తెల్లటి పూసలు నీళ్ల మీద కొట్టుకుపోసాగాయి. బావ చెయ్యి ముంచి తడిమాడు.

"మన కంచెనే, మరదలా" అన్నాడు నెమ్మదిగా.

వాగులో ఏమేం ఉన్నాయో అన్నీ గుర్తున్న మనిషికి ఇదొక్కటీ గుర్తు రాలేదు. ఎందుకంటే ఆయన దృష్టిలో ఆ చోటు వాగు కాదు, చేను. కంచె అవతల ఇసుక ట్రాక్టర్లు తవ్విన గుంతలున్నాయి, వాటి లోతెంతో ఎవరికీ తెలియదు. బావకూ ఈత రాదు. తెప్ప మా కింద విడిపోతోంది. నాకు చచ్చేంత భయమేసింది.

"తీగె పట్టుకోన్రి! కడీ కడీ పట్టుకొని ఇటు రాన్రి!" అని అక్క అరిచింది. ఆ తీగను బావతో కలిసి లాగి కట్టింది ఆమే. అది తాను నిలబడ్డ ఒడ్డు దాకా వస్తుందని ఆమెకు తెలుసు.

తెప్ప వదిలేసి, మెడలోతు నీళ్లలో తీగను పట్టుకున్నాం.

"గుచ్చుకుంటున్నయే!" అన్నాడు బావ.

"గుచ్చుకోని, ఇడువకున్రి!" అంది అక్క.

అరచేతులు చీరుకుపోతుంటే ఒక్కో కడీ దాటుకుంటూ ఒడ్డుకు చేరాం. మోటరు మునిగింది. పళ్లాలు పోయాయి. అక్క వాటి ఊసు ఎత్తలేదు. మా ఇద్దరి చేతులూ తన కొంగుతో చుట్టి, అప్పుడు ఏడ్చింది.

ఎండాకాలం నీళ్లు తగ్గాక బావ ముళ్లతీగ మొత్తం కోసి తీసేశాడు, చేనును వెనక్కి జరుపుకున్నాడు. కడీలు మాత్రం అలాగే ఉంచాడు. అవెందుకని అడిగాను. "ఎవలన్న కొట్కపోతుంటె పట్టుకుంటరు" అన్నాడు.

ఇరవై ఏళ్లు చేతిలో ఉంటే ఏదైనా సొంతమైపోయిందనే అనుకుంటాడు మనిషి. వాగుకు మాత్రం అది కాస్త పొడుగాటి ఎండాకాలం, అంతే.