ఉండాది

ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో జమ్మలమడుగు పోయి, అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా ఎర్ర పెన్నుకు పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు ఎర్రచీమ. ‘శానా’ అని రాస్తే చుట్టేసి ‘చాలా’ అని దిద్దుతాను. మాట్లాడేటప్పుడు నేనూ శానా అనే అంటాను, అది వేరే సంగతి.

ఒకసారి ప్రొద్దుటూరులో వ్యాసాల పోటీ పెట్టారు. అంశం ‘మా ఊరు’. బడికి ఒక్క వ్యాసమే పంపాలి. తొమ్మిదో తరగతిలో హాస్టల్లో ఉండి చదివే ఒక అమ్మాయి రాసింది నాకు బాగా నచ్చింది. వాళ్ల ఊరు గండికోట రిజర్వాయరులో మునిగిపోయింది. ఇప్పుడు ఇల్లు కొండాపురం దగ్గర కాలనీలో. ‘మా ఇంటి ముందర చింతచెట్టు ఉండాది. బడి పక్కన బావి ఉండాది.’ పేజీ నిండా ఉండాదులే. ఊరే లేదు కదా అని ప్రతిదాన్నీ కొట్టేసి, పైన ‘ఉండేది’ అని రాసి, శుభ్రంగా తిరగరాసుకుని రమ్మన్నాను.

మర్నాడు తెచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. శానా కాస్తా చాలా అయింది. కానీ ‘ఉండేది’ ఒక్కటి కూడా లేదు. అన్నిచోట్లా ‘ఉంది’.

“నేను రాసిందేంది, నువ్వు రాసిందేంది? కండ్లు యాడ పెట్టుకొని రాసినావు?” అని గయ్యిమన్నాను.

తల వంచుకుంది గానీ తగ్గలేదు. “ఉండాది అంటే తప్పు గదా అని ‘ఉంది’ అని దిద్దినా మేడం. ఉండేది అంటే ఇప్పుడు లేదని గదా. నీళ్లు తగ్గితే మా ఊరి మంచినీళ్ల ట్యాంకు అగపడతాది. మా ముసలి జేజి పోయి సూసుకోనొస్తాది. ఊరు యాడికీ పోలేదు మేడం. ఆడే ఉండాది.”

నాకు సిగ్గేసింది. నీళ్లు ఒకసారి ముంచిన ఊరిని నేను మళ్లీ ఎర్ర సిరాతో ముంచాను. ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది. ఆ ప్రేమ బయటపెట్టకుండా మొహం గంటు పెట్టుకుని కాగితం లాక్కుని, ‘ఉంది’లన్నీ కొట్టేసి ‘ఉండాది’ అని రాశాను.

“ఇట్లనే రాసుకోని రా పో.”

“మార్కులు పోతాయేమో మేడం.”

“పోతే పోనీలేమ్మా.”

పోయాయి. బహుమతి రాలేదు. తిరిగొచ్చిన వ్యాసంలో ఉండాదుల కింద ఎవరో వరసగా గీతలు గీసి, చివర ‘క్రియల్లో కాలం తప్పు’ అని రాశారు. ఎలా చూపించాలా అని నేను నానుస్తుంటే, తనే చదువుకుని నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వింది.

“ఆ సారు మా ఊరు సూడలేదు గదా మేడం, ఆయప్పకేం తెలుసు.”

“నేనూ చూడలేదు కదమ్మా” అన్నాను.

“అయితే ఒకసారి రాండి మేడం, మా ఊరికి.”