కళ్లలోకి చూడని మనవరాలు

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్లు నడిపే ఉపన్యాసాల క్లబ్బుకు అధ్యక్షురాలు కావాలని మా మనవరాలు రెండేళ్లుగా ఆశపడింది. ఆమెకు ఆటిజం. మనుషుల కళ్లలోకి చూస్తే మాట ఆగిపోతుంది. అందుకే మొన్న ఆదివారం ఎన్నికలో నేలను చూస్తూ, ఎక్కడా తడబడకుండా మాట్లాడింది.

"మాట బాగుంది గానీ తాతా, కళ్లలోకి సూడని మనిషి క్లబ్బునేటి నడుపుతాది?" అన్నాడు ఎన్నిక జరిపిన క్లబ్బు కార్యదర్శి.

నాకు ఒళ్లు మండింది. "ముప్పయ్యేళ్లు రైలు చక్రాలను సుత్తితో కొట్టి, నేల సూస్తూ, సప్పుడు ఇని పగులు పట్టినాను బాబూ. నా సూపు ఎటుందని ఒక్క ప్యాసింజరూ అడగనేదు," అన్నాను.

అతను నవ్వి, అధ్యక్ష పదవికి ఇంకొకరి పేరు రాసుకున్నాడు.

మనవరాలు చెప్పులు వేసుకుంటూ, "వచ్చే యేడు మళ్లీ నిలబడతాను తాతా. అప్పుడూ నేలే సూస్తాను," అంది.

ఆమె క్షమిస్తుందేమో గానీ, ఆ నవ్వును నేను మరచిపోను.