ఇరుసు మాస్టారు

బొమ్మకార్లకు చక్రాలు గీసే ఆయనను కార్ఖానాలో అందరూ ఇరుసు మాస్టారంటారు. నడుస్తున్నప్పుడు కూడా బొటనవేలు, చూపుడువేలు ఎడం చేస్తూ దగ్గర చేస్తూ ఏదో కొలుచుకుంటుంటాడు. కొత్త కారు ఆయన ఆలోచనే. చక్రాలు లోపలికి నొక్కితే చిన్న పెట్టెలో ఇముడుతుంది, బయటికి లాగితే మలుపులో బోల్తా పడదు. రెండు చోట్లా కొక్కెం టిక్కుమని పట్టుకుంటుంది. వందసార్లు లాగి చూసి సరేననుకున్నాడు. ఈరోజు మధ్యాహ్నం ఊసుపోక లాగుతూ కూర్చుంటే, మూడువందలు దాటాక టిక్కుమనలేదు. చక్రం ఊడి చేతిలోకొచ్చింది. పసిపిల్లల గొంతంత వెడల్పుండే కొలత గొట్టంలో దాన్ని వేశాడు. ఎక్కడా తట్టుకోకుండా అడుగుకు జారింది.

ఆ చక్రం పట్టుకుని యజమాని గదికి పరిగెత్తాడు. యజమాని ఆయన అక్క భర్తే.

"బావా, కొత్త కార్లెక్కించిన లారీ ఆపించు. చక్రం ఊడుతోంది."

"నీ అనుమానాలు పాడుగాను! పొద్దున్నే మా మనవరాలికి ఒకటిచ్చొచ్చా. వదిలితే ఒట్టు, టిక్కుటిక్కుమని ఇల్లు పీకి పందిరేస్తోంది."

"పొద్దుట్నించీ ఎన్నిసార్లు లాగి ఉంటుంది బావా?"

బావ మూతి మీద నవ్వు అలాగే ఉండగా, చెయ్యి మాత్రం ఫోను మీదికెళ్ళింది. అవతల కూతురు ఎత్తింది.

"హమ్మయ్య నాన్నా, ఇప్పుడే ఆ గోల ఆగింది."