ఇటుకలు మోసిన కాలు

ఐదో తరగతితోనే బడికీ నాకూ చెల్లిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో ఆయాగా చేరేనాటికి నా దగ్గరున్న చదువల్లా నోరే. ఆడవాళ్ల వార్డులో నొప్పికి మందు డాక్టర్లు ఇచ్చేవారు. ఏడుపుకు మందు నేను ఇచ్చేదాన్ని.

పంతొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం, ఓర్వకల్లు వైపు పల్లె నుంచి ఒక అవ్వను మంచంతో సహా ఎద్దులబండిలో తెచ్చారు. గొడ్లచావిట్లో పేడ మీద జారి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. డాక్టరుగారు కాలికి పట్టీలు అతికించి, తాడు కట్టి, మంచం చివరనున్న చక్రం మీదుగా ఇటుకలు వేలాడదీశారు. ఆ బరువు రాత్రీ పగలూ లాగుతుంటేనే ఎముక తిన్నగా అతుక్కుంటుంది. లేదంటే కాలు పొట్టిదైపోయి, మనిషి మంచానికే అంకితం.

అవ్వకు ఉన్న బెంగ ఒక్కటే. "బువ్వ లేకున్నా ఉంటా పాపా. నా పనికి నేను బయటికి పోవల్ల. కోడలు ఎత్తి కూచోబెట్టే బతుకు నాకొద్దు."

ఆమె కొడుకు ఆరడుగుల మనిషి, బుర్ర మీసాలు. తల్లి మూలిగితే మాత్రం చంటిపిల్లాడు. ఓ మధ్యాహ్నం నేను కంచాలు కడిగి వచ్చేసరికి ఇటుకలు ముక్కాలిపీట మీద హాయిగా కొలువుదీరి ఉన్నాయి.

"ఏమప్పా, ఇటుకలకు కాళ్లు నొప్పులా? పీటేసి కూచోబెట్టినావే!"

"మాయమ్మ ఏడుస్తాంది. గొడ్డుకు గుదికొయ్య కట్టినట్ల, ఇదేం వైద్దిగం?"

డాక్టరుగారు చూసి మండిపడ్డారు. పీట తియ్యకుంటే అవ్వను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కొడుకు పౌరుషంగా పైగుడ్డ దులిపాడు. "పోతాం. మా పక్కూర్లో కట్టు కట్టేటోడు ఉండాడు."

బండి చూడ్డానికి లేచినవాణ్ణి నేనే ఆపాను. "మీ ఇంట్లో నులకమంచం కుక్కిపడితే ఏం చేస్తావప్పా?"

"లాగి బిగిస్తా."

"అయ్యో, మంచానికి నొప్పి పుట్టదా?"

పక్క మంచాలవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు, ఆలోచనలో పడింది. "ఎన్నాళ్లు బిగించల్ల పాపా?"

"జొన్నలు ఇత్తినాక మర్నాడే కోస్తావా అవ్వా?"

ఆమె తన కాలి వైపు చూసింది. "రేయ్, ఆ పీట తియ్."

కొడుకు కదల్లేదు.

"తీస్తావా, నేను లేసి తియ్యాల్నా?"

లేవలేని మనిషి బెదిరింపుకు ఆరడుగుల మీసం వణికింది. పీట తీశాడు. ఇటుకలు వేలాడాయి. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుని మంచం పట్టె పట్టుకుంది.

ఆ తర్వాత పలకరించడానికి వచ్చిన చుట్టాలెవరైనా జాలిపడి ఇటుకల వైపు చెయ్యి చాపితే, "ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్తా. పక్క మంచం ఖాళీగానే ఉండాది" అనేది.

కాలి సంగతి ఆమె చూసుకుంది. వీపు నా వంతు. అన్నాళ్లు వెల్లకిలా పడుకుంటే వీపు పుండుపడుతుంది. ఎముక అతుక్కున్నా సరే, ముసలి ప్రాణాన్ని ఆ పుండే తీసుకుపోతుంది. నర్సమ్మ నేర్పినట్టు నడుము కింద చెయ్యి పెట్టి ఎత్తి, స్పిరిటు రుద్ది, పౌడరు అద్ది, దుప్పటి ముడత లేకుండా లాగేదాన్ని.

"నీ మొగుని వీపు ఎప్పుడన్నా ఇట్ల చూసినావేమే?"

"పని చెప్తేనే కదవ్వా ఆయప్ప వీపు కనపడేది!"

నవ్వితే ఒళ్లు కదిలి నొప్పి పుట్టినా నవ్వేది, నవ్వుతూనే నన్ను తిట్టేది.

ఇటుకలు విప్పాక కర్రలిచ్చి నడక నేర్పాం. ఇంటికి వెళ్లే రోజు కొడుకు ఎత్తుకోబోతే "జరుగు" అని, వరండా చివరిదాకా తనే నడిచింది. కాలు కొంచెం ఈడ్చింది, అబద్ధం చెప్పను. అయినా మహారాణి నడకే అది. డాక్టరుగారు ఆమె వీపు చూసి, గీత కూడా పడలేదే అని ఆశ్చర్యపోయారు.

"కాలు నాది సామీ, ఇటుకలు మోసింది నేను" అంది అవ్వ. నా వైపు గడ్డం ఎగరేసింది. "వీపు మాత్రం దీనిది."

తర్వాత ఎంతోమంది వీపులు తుడిచాను. నాదని ఒప్పజెప్పింది ఆమె ఒక్కతే.

"అయితే నా వీపు బద్రం. బండ్లో గడ్డి ఇంకా మందంగా పరచల్ల" అన్నాను కొడుకుతో.

అతను గడ్డి కోసం పోయాడు.