ఒకే సంచి బురద

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను కరీంనగర్‌లో కొత్తగా పెట్టిన అవక్షేప ప్రయోగశాలకు అధిపతిగా వేశారు. నీటి అడుగున పేరుకునే మట్టిని పరీక్షించే చోటు అది. సముద్రానికి అంత దూరాన ఉన్న మాకు అప్పగించింది బంగాళాఖాతం అడుగు బురద. ఓడ మీదినుంచి గొట్టం దించి తీసిన ఆ బురదలో కింది పొర పాతది, పై పొర కొత్తది.

పని సూత్రం తేలికైనదే. జిగట మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోము. వాటికన్నా ముతకగా, ఇసుకకన్నా సన్నగా ఉండే ఒండ్రు రేణువులు విడివిడిగా కదులుతాయి. అడుగున ప్రవాహం జోరుగా ఉంటే వాటిలో సన్నవి కొట్టుకుపోయి ముతకవి మిగులుతాయి. కాబట్టి ఒక్కో పొరలో వాటి సగటు పరిమాణం కొలిస్తే ఆ కాలపు ప్రవాహం జోరును అంచనా కట్టవచ్చు.

పరిశోధక విద్యార్థి దానియేలుది మందమర్రి కాలరీ క్వార్టర్. ఈ కొలతలే అతని సిద్ధాంత గ్రంథం. "మా బాపు అంటడు సార్, నేను బొగ్గు తవ్వి సదివిస్తే నువ్వు బురద కడుగుతున్నవేందిరా అని," అని నవ్వేవాడు. ఆ ఏడాది చివరికి గ్రంథం ఇవ్వకపోతే అతని ఫెలోషిప్ ఆగిపోతుంది.

అడుగు పొరలనుంచి మొదలుపెట్టాం. బురదను తడిగానే ఉంచి, గవ్వల సున్నాన్ని పలుచని ఆమ్లంతో తీసేసి, జల్లెడ పట్టి కొలిచేవాళ్లం. గడువు దగ్గరపడుతోందని సగంలో నేను పద్ధతి మార్చాను. పని త్వరగా సాగేలా చాలా పొరల బురదను ముందే ఒకేసారి ఓవెన్‌లో బాగా ఎండబెట్టి తూచి, తర్వాత నీళ్లలో విడగొట్టమన్నాను. "జర ఆలోచిద్దాం సార్, గట్టిపడ్తదేమో," అన్నాడు దానియేలు. చెప్పింది చెయ్యమన్నాను.

ఫలితం అందంగా వచ్చింది. పై పొరల్లో రేణువులు ముతకబడ్డాయి, అంటే ప్రవాహం బలపడింది. రెండు సభల్లో ఆ మాట చెప్పుకున్నాను కూడా.

నదులే ముతక ఒండ్రు తెచ్చి ఉండవచ్చన్న అనుమానం తీర్చాలి గనుక ధర్మపురి దగ్గర గోదావరిలోనూ, ఆసిఫాబాద్ దగ్గర ఒక వాగులోనూ బురద తీసుకొచ్చాం. ఆసిఫాబాద్ సంచిలో సగం ఓవెన్‌లో ఎండాక కరెంటు పోయింది. మిగతా సగాన్ని దానియేలు తర్వాత తడిగానే కొలిచాడు. ఎండిన సగం ముతకగా, తడి సగం సన్నగా తేలింది.

"గీ రెండు ఒక్క సంచిలయే సార్. ఒక్క వాగు రెండు తీర్ల పారదు గద."

రేణువులు కొలిచే యంత్రాన్ని సరిచూడమన్నాను. సరిచూశాడు, తేడా పోలేదు. ఈ పరీక్షను పక్కన పెట్టి గ్రంథం రాసెయ్యమన్నాను. అతను కదల్లేదు.

"కింద పేరు నాది ఉంటది సార్," అన్నాడు.

అప్పుడు సముద్రపు కొలతల గీత తీసి చూశాను. ప్రవాహం బలపడినట్టు కనిపించింది సరిగ్గా నేను ఓవెన్ వాడమన్న పొరనుంచే. ఎండిన జిగట మట్టి గడ్డకట్టి, నీళ్లలో పూర్తిగా విడిపోక, ఆ ఉండలే ఒండ్రు రేణువులుగా లెక్కకొచ్చాయి. బురదను ఎండనివ్వొద్దన్నది కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే జాగ్రత్తే.

గొట్టాన్ని నిలువునా చీల్చి ఒక సగాన్ని పరీక్షకు వాడతారు, రెండో సగాన్ని ముట్టకుండా చల్లని గదిలో దాస్తారు. మా సగం అయిపోయింది. దాచిన సగం కోసం తీరంలోని భాండాగారానికి రాశాను. తప్పు నా ఆదేశానిదని, విద్యార్థిది కాదని అందులో చెప్పాను. తప్పు ఎవరిదన్న చోట రికార్డులో మీ పేరే రాయమంటారా అని అక్కడి అధికారి ఫోన్‌లో అడిగారు. రాయమన్నాను.

నమూనాలు వచ్చేసరికి ఫెలోషిప్ ఆగిపోయింది. దానియేలు పొద్దున మంచిర్యాలలో ట్యూషన్లు చెప్పి మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. ట్రేలు కడగడం, జల్లెడ పట్టడం నేను తీసుకున్నాను. "ఇగ మా బాపు మిమ్ముల గూడ అంటడు సార్," అన్నాడొకసారి. ఒక్కటీ వదలకుండా, ముందు ఓవెన్‌లో ఎండబెట్టిన పై పొరలన్నిటినీ ఈసారి తడిగానే మళ్లీ చేశాం. ఆ పెరుగుదల మాయమైంది. ప్రవాహం మొదటినుంచీ దాదాపు ఒకేలా ఉంది. దానియేలు అదే రాసి, ఆలస్యంగానైనా పట్టా తీసుకున్నాడు. నేను ముందు చెప్పిన మాటను అవే సభల్లో వెనక్కి తీసుకున్నాను.

రేణువు మనకు ప్రవాహం గురించి చెప్పాలంటే, మన చేయి దాన్ని మార్చలేదని ముందు తేలాలి. ఆ తర్వాత పద్ధతి మార్చిన ప్రతిసారీ ఒకే సంచి బురదను పాత తీరులోనూ కొత్త తీరులోనూ కొలిచాకే ముందుకు వెళ్లాం. ఆ పరీక్షకు ఒక పూట చాలు. ఆ పూటను నేను మిగుల్చుకోబోయినందుకు దానియేలుకు ఏడాది పోయింది.