కేసు తేలేదాకా

పోయిన వారం తాడేపల్లిగూడెంలో పాసింజరు బండెక్కి, ఏలూరులో ఉంటున్న మా తమ్ముడింటికి బయలుదేరాను. ఎదురు సీట్లో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఒకే ఫోను మీదికి తలలు వంచి ఏదో చూసుకుంటున్నారు. ఎక్కడో దూరదేశంలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ని పోలీసులు పట్టుకెళ్లారట, సాయంత్రానికల్లా క్లబ్బువాళ్లు అతణ్ని జట్టులోంచి తప్పించారట. "కేసు పెట్టాక ఇంకేముందిరా, ఆడి పనైపోయినట్టే," అన్నాడొకడు, వేరుశనగ పొట్టు కిటికీలోంచి ఊదేస్తూ. ఆ ఆటగాడెవరో నాకు తెలియదు, తప్పు చేశాడో లేదో అంతకన్నా తెలియదు. అయినా ఆ మాట చెవిన పడగానే సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి, తాగకుండానే మళ్లీ లోపల పెట్టేశాను. ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్లు గడిచాయి గానీ, కొన్ని భయాలకు రిటైర్మెంటు ఉండదని నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. నాన్నగారికి కొంచెం వరి పొలం, బాబాయితో కలిపి ఒక చేపల చెరువు ఉండేవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, మా చిన్నప్పుడు వేసవి వచ్చేసరికి సరస్సు వెనక్కి తగ్గి, కనుచూపు మేర నేల బయటపడేది. పైన ఎండిన నాచు, కింద ఒండ్రు, పడినా మోకాలు చీరుకోని మెత్తటి నేల. అక్కడే వెదురు గడలు పాతుకుని మా తమ్ముడు బంతాట నేర్చుకున్నాడు. నాకంటే బాగా చిన్నవాడు, బక్కపలచని మనిషి, కాలికి బంతి తగిలితే మాత్రం వేరే మనిషైపోయేవాడు. ఏలూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు వాణ్ని చూసి ముచ్చటపడి, తన ఇంట్లోనే అన్నం పెట్టి, బూట్లు కొనిచ్చి, జిల్లా జట్టుకీ అక్కణ్నించి రాష్ట్ర జట్టుకీ చేర్చారు. ఒక పోటీలో వాడి ఆట చూసిన కలకత్తా క్లబ్బు పెద్దలు తమతో రమ్మని కబురు పెట్టారు. నాన్నగారికి అది ఎంతకీ మింగుడు పడలేదు. "బంతి తన్నితే జీతం ఇచ్చేవాళ్లు కూడా ఉంటారుటే అమ్మాయ్?" అని నన్ను పక్కకు పిలిచి అడిగారు. ఉంటారు నాన్నగారూ అన్నాను, నాకూ అంతవరకూ తెలియకపోయినా.

అప్పటికి నేను ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ముందున్న బోర్డులో వైరు తాళ్లు గుచ్చుతూ, ఊళ్లను ఊళ్లకు కలిపే ఉద్యోగం. మధ్యాహ్నం డ్యూటీలో కలకత్తా లైను దొరికినప్పుడల్లా, అక్కడి ఆపరేటరమ్మాయి నిన్న మీ తమ్ముడు గోలు కొట్టాడట అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెబితే, ఆ పూటంతా నాకు తాళ్లు తేలికగా ఉండేవి. వాడి పేరు దేశం జట్టు శిబిరానికి పరిశీలనలో ఉందనీ, విదేశం పంపిస్తారనీ పేపర్లో ఆట దుస్తుల్లో ఫొటో వేశారు. నాన్నగారు దాన్ని కత్తిరించి, గోడకు అన్నం మెతుకులతో అంటించారు.

ఆ వేసవిలోనే వాడు సెలవలకు ఇంటికి వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే పక్క ఊరివాళ్లకూ మా బాబాయికీ చెరువు నీళ్ల దగ్గర తగువు ముదిరింది. మా గట్టు తెగ్గొట్టి తమ బోదె కాలవలోకి నీళ్లు మళ్లించుకున్నారని బాబాయి మనుషుల్ని వేసుకుని వెళ్లాడు, అవతలి నుంచి వాళ్లూ వచ్చారు. కేకలు విని తమ్ముడు ఇంట్లోంచి పరుగెత్తాడు. వాడు గట్టు ఎక్కేసరికే బాబాయి చేతిలోని గడ వెనకనుంచి ఒకాయన తల మీద పడటం, ఆయన బోర్లా బోదెలో కూలిపోవటం చూశాడట. మనుషులంతా చెదిరిపోతుంటే వీడు నీళ్లలోకి దూకి, ఆయన్ని చంకల కింద చేతులేసి పైకి లేపి, గట్టు మీదికి చేర్చాడు. చొక్కా నిండా రక్తంతో ఇల్లు చేరాడు. తెల్లారేసరికి పోలీసులు వచ్చి వాణ్నీ, ఆ చొక్కానీ కూడా తీసుకుపోయారు. అవతలివాళ్లు ఇచ్చిన ఫిర్యాదులో మొదటి పేరు మా తమ్ముడిదే. ఊరు దాటి పేరు తెచ్చుకున్నవాడు కదా, ఆ పేరు పెడితేనే కేసుకు బరువని ఎవరో సలహా ఇచ్చారట. మర్నాడు పేపర్లో హత్యాయత్నం కేసులో ఫుట్‌బాల్ ఆటగాడని వేశారు. ఆ పైన అదే ఫొటో, ఆట దుస్తుల్లో నవ్వుతున్నది.

జైలు, బెయిలు, ప్లీడరు గారింటి చుట్టూ ప్రదక్షిణాలు, ఇవన్నీ మాకు కొత్త. బెయిలు వచ్చిందని అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది గానీ, దాని వెనకాల ఉన్న షరతులు ఆవిడకు తెలియవు. వారం వారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి, కోర్టు అనుమతి లేనిదే జిల్లా దాటకూడదు. వారం వారం ఇక్కడ సంతకం పెట్టేవాడు కలకత్తాలో ఎలా ఆడతాడు? అనుమతి కోసం పిటిషను వేస్తే ఒకసారి ఇచ్చారు, వాడు రైలెక్కేలోపే ఆట అయిపోయింది. ఆ తరువాత ఇవ్వలేదు.

అప్పుడు వచ్చింది క్లబ్బు నుంచి ట్రంకు కాలు. ముందే కబురు చేసి ఉండటంతో వాడు ఎక్స్ఛేంజి పక్కనున్న పబ్లిక్ బూత్‌లో కూచుని ఎదురుచూస్తున్నాడు. లైను కలిపింది నేనే. కలిపి, మా ఉద్యోగ ధర్మం ప్రకారం లైన్లోంచి తప్పుకున్నాను. బూత్ అద్దంలోంచి వాడి వీపు ఒక్కటే కనిపించింది. మొదట నిటారుగా ఉన్న ఆ వీపు మెల్లమెల్లగా వంగి, ఆఖరికి నుదురు గోడకు ఆనింది. నా బోర్డు మీద వేరే ఊళ్ల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఒక్కటీ అందుకోలేకపోయాను. బయటికి వచ్చి వాడు చెప్పిందింతే: "తిట్టలేదక్కా, మంచిగానే మాట్లాడారు. కేసు తేలేదాకా రావద్దన్నారు."

తేలేదాకా. ఆ మాటకు హద్దేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. పాస్‌పోర్టు కాగితాలు పోలీసు విచారణ దగ్గర ఆగిపోయాయి, శిబిరానికి వేరే కుర్రాణ్ని పిలిచారు. ఆటగాళ్ల కోటాలో రైల్వేలో ఇస్తామన్న ఉద్యోగం కూడా అలాగే వెనక్కి పోయింది. వాయిదా మీద వాయిదా. ఒకసారి జడ్జి గారు సెలవు, ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి ప్లీడర్ల సమ్మె. ఆటగాడి వయసు పెసర చేను లాంటిది, అదనులో కోసుకోకపోతే రాలిపోతుంది. వాడు రోజూ వేకువనే ఎండిన కొల్లేట్లోకి వెళ్లి ఒక్కడే బంతి తన్నుకుని, తానే పరుగెత్తి తెచ్చుకునేవాడు. వానలు పడి నీళ్లు వచ్చాక గట్ల మీద పరుగెత్తేవాడు. స్టేషన్లో రైటరు గారు మంచి మనిషే, సంతకం పెట్టించుకుంటూ మొన్న మీ క్లబ్బు ఓడిపోయిందటయ్యా, నువ్వుంటే బాగుండునని అభిమానంగా అనేవారు. ఆ రోజు వాడు అన్నం ముట్టేవాడు కాదు. వీధిలో జీపు చప్పుడైతే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

ప్లీడరు గారు ఒక దారి చూపించారు. కొట్టిందెవరో నీ కళ్లతో చూశావు కదా, ఆ మాట చెప్పు, నువ్వు బయటపడతావన్నారు. నాన్నగారు ఆ మాట విని లేచి వీధిలోకి వెళ్లిపోయారు. ఒక పక్క కొడుకు, ఒక పక్క తోడబుట్టినవాడు. బాబాయి కూడా అదే కేసులో ఉన్నాడు, మా వైపు చూడకుండా తల దించుకుని కోర్టుకు వచ్చి పోయేవాడు. చెప్పరా అని నేను బతిమాలాను. "నేను చెబితే బాబాయి లోపలికి పోతాడక్కా. పిన్నీ పిల్లలూ మనింటికే కదా వస్తారు. వాళ్ల మొహం ఎలా చూస్తాను?" అన్నాడు. వాడిది మంచితనమో మొండితనమో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మౌనంతో దెబ్బ తిన్నాయనకు న్యాయం జరిగిందని మాత్రం అనలేను.

ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, గట్టు దాటి పక్క ఊరికి బయలుదేరింది. దెబ్బ తిన్నాయన ఇంటి ముందు ఆగేసరికి ఆయన భార్య బయటికి వచ్చింది. మేమెవరమో తెలిశాక ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. అయినా చాప పరిచింది. ఆయన గోడకు ఆనుకుని కూచున్నాడు, తల మీద వెంట్రుకలు మొలవని మచ్చ. అమ్మ తాను వచ్చిన పని సంగతే మరిచిపోయింది.

"నొప్పి తగ్గిందా నాయనా?"

"ఎండలో నిలబడితే తల తిరుగుతాదండి. పనికెళ్లలేకపోతన్నాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది చూసి ఆయనే మొదలుపెట్టాడు. "మీ అబ్బాయి నన్ను కొట్టలేదండి. బోదెలో ఊపిరాడక గింజుకుంటంటే పైకి లేపింది ఆ బాబే. నాకు తెలుసండి. నాకు తెలివొచ్చేసరికే మావాళ్లు పేర్లు రాయించేశారండి. ఇప్పుడు నేనొక్కణ్ణి వేరే మాటంటే ఊళ్లో నన్ను ఉండనిత్తారాండి?"

దానికి అమ్మ అన్న మాట నేను జన్మలో మరిచిపోలేను. "నీకు కష్టం తెచ్చే మాట చెప్పమని అడగను నాయనా. మావాడు కొట్టాడని నీ మనసుకు తోస్తే కొట్టాడనే చెప్పు."

అంతే, లేచి వచ్చేశాం. సాయంత్రం సంగతి తెలిసి ప్లీడరు గారు తల పట్టుకున్నారు. "ఎంత పని చేశారమ్మా! సాక్షిని బెదిరించారని వాళ్లొక్క కాగితం పెడితే అబ్బాయి బెయిలు రద్దవుతుందండీ!" అన్నారు. ఆ తరువాతి నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. అమ్మ చేసింది వాణ్ని గట్టెక్కిస్తుందో ముంచుతుందో తెలియక, ఇంట్లో ఎవరం దాని ఊసెత్తకుండా, ఒకరి మొహాలు ఒకరం తప్పించుకుంటూ తిరిగాం. ఎక్స్ఛేంజిలో మా ఊరివైపు నుంచి కాలు వస్తే పక్క సీటు అమ్మాయిని అందుకోమనేదాన్ని.

చివరికి ఆయన బోనెక్కిన రోజు వచ్చింది. కోర్టు హాల్లో ఆయన ఊరివాళ్లు వరసగా కూచుని ఆయన్నే చూస్తున్నారు. కొట్టిందెవరని అడిగితే, దెబ్బ వెనకనుంచి పడిందండి, నాకు కనపడలేదండి అన్నాడు. తరువాత ఎవరూ అడక్కుండానే మా తమ్ముడి వైపు చెయ్యి చూపించి, "బోదెలోంచి నన్ను లేపింది మాత్రం ఈ బాబేనండి. ఆ చొక్కా మీదున్న రక్తం అలా అంటిందేనండి," అన్నాడు. ఆయన భార్య కళ్లు మూసుకుని నిలబడింది.

మా తమ్ముణ్ని నిర్దోషి అన్నారు. తక్కినవాళ్ల మీద సాక్ష్యం నిలవలేదు. బాబాయి కొన్నాళ్లకు చెరువులో తన వాటా వదులుకుని పెదవేగి మెరకలో వ్యవసాయానికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ దెబ్బ తిన్నాయన ఇంటికి వెళ్లి వచ్చాడని విన్నాం, ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఆయన్ని ఊళ్లోవాళ్లు చాలాకాలం శుభకార్యాలకు పిలవలేదు. అమ్మ మాత్రం ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఏ వేడుకైనా మొదటి పిలుపు వాళ్లకే పంపేది.

తీర్పు నకలు పట్టుకుని తమ్ముడు కలకత్తా వెళ్లాడు. క్లబ్బువాళ్లు కౌగిలించుకున్నారట, టీ ఇచ్చారట, మైదానంలోకి దింపి చూశారట. వాడి చోట అప్పటికి ఇద్దరు కొత్త కుర్రాళ్లు స్థిరపడిపోయారు. చిన్న జట్టొకటి తీసుకుంది గానీ, వాడి కాలికి బంతి అందినప్పుడల్లా ఎదుటి జట్టు అభిమానులు ఖూనీకోరని అరిచేవారట. తీర్పు నకలు జేబులో పెట్టుకుని ఆడలేం కదా. రెండో ఏడు వాడే తిరిగి వచ్చేశాడు. ఉద్యోగాలకు దరఖాస్తు పెడితే, మీరెప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. నిర్దోషి అయినా అక్కడ అవునని రాయాల్సిందే. వాడు ప్రతిసారీ అవుననే రాశాడు, ప్రతిసారీ జవాబు రాలేదు. ఆ గడి లేని ఒక చిన్న ప్రైవేటు స్కూలు వాణ్ని ఆటల మాస్టారుగా పెట్టుకుంది. అక్కడే తల నెరిసింది. నీకు కోపం రాదట్రా అని ఒకసారి అడిగాను. "ఎవరి మీదక్కా? కొట్టినాయనా మనవాడే, కాపాడినాయనా మనవాడే అయ్యాడు," అని నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఏడుపుకంటే ఎక్కువ భయపెట్టింది.

ఇప్పుడు మేమాడుకున్న ఆ నేల లేదు. ఎటు చూసినా చేపల చెరువులు, ఎండాకాలమైనా బయటపడని నీళ్లు. నేను తాళ్లు గుచ్చిన ఎక్స్ఛేంజీ లేదు. ఒక మనిషి మీద పడిన మచ్చ అప్పట్లో కలకత్తా చేరడానికి కనీసం ఒక ట్రంకు కాలు దొరకాలి. ఇవాళ స్టేషన్ మెట్లు దిగకముందే లోకమంతా చేరిపోతుంది. తప్పు చేసినవాడు శిక్ష తప్పించుకోకూడదు, ఆ మాట నేనూ అంటాను. కానీ తేలేదాకా ఆగే ఓపిక అప్పుడూ తక్కువే, ఇప్పుడు అది కూడా కనిపించదు. ఆ రోజుల్లో మాకు కీడు తలపెట్టినవాళ్లకు ఒక ఊరుండేది, ఒక గుమ్మముండేది. ఎండలో గట్టు మీద నడిచి వెళ్లి, వాళ్ల చాప మీద కూచుని, కళ్లలోకి చూసి మాట్లాడే వీలుండేది. ముఖాలు కనిపించని వేలమంది ఒకేసారి తీర్పు చెప్పే ఈ కాలంలో మా అమ్మ ఉండి ఉంటే, పాపం, చెప్పులు వేసుకుని ఏ ఇంటికని బయలుదేరేది?